ఊరి బడికి జాతీయ విద్యా విధానం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లోని ప్రభుత్వ బడిలో పనిచేసే ఉపాధ్యాయులు, బడి కమిటీల్లో ఉన్న తల్లిదండ్రులు, పంచాయతీ సభ్యులు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవి.

ఈ విధానం చట్టమా? మా బడి పాటించి తీరాలా?

చట్టం కాదు. 2020 జులై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విధాన పత్రం. కస్తూరిరంగన్ అధ్యక్షతన వేసిన కమిటీ ముసాయిదా దీనికి ఆధారం. 1986 నాటి విధానం స్థానంలో వచ్చింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి చేరింది కాబట్టి, ఇందులోని ఏ అంశమైనా మీ బడిదాకా రావాలంటే రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.

మీ బడికి చట్టబద్ధమైన హక్కులు ఇచ్చేది 2009 నాటి విద్యాహక్కు చట్టం. ఇది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ తేడా గుర్తుంచుకుంటే చాలా వాదనలు తేలిపోతాయి. ‘కొత్త విధానంలో ఇలా ఉంది’ అని ఎవరైనా అంటే ఉత్తర్వు నంబరు అడగండి. టీచర్లు, దూరం, పనిదినాల గురించి మీరు అడగాల్సి వస్తే చట్టంలోని సెక్షన్ చెప్పండి. విధాన పత్రంలోని మాటలు చూపించి అర్జీ పెడితే ‘పరిశీలిస్తాం’ అన్న జవాబే వస్తుంది.

5+3+3+4 వల్ల ఊళ్లో ఏం మారుతుంది?

మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ: మూడేళ్లు అంగన్‌వాడీ లేదా పూర్వ ప్రాథమిక తరగతులు, ఆపై ఒకటి, రెండు తరగతులు. 3, 4, 5 తరగతులు సన్నాహక దశ. 6, 7, 8 మధ్య దశ. 9 నుంచి 12 వరకు సెకండరీ. కాగితం మీద ఇది పాఠ్య ప్రణాళికను విడగొట్టే తీరు మాత్రమే, భవనాలను విడగొట్టమని అందులో లేదు. రాష్ట్రాలు దాన్ని భవనాలకు వర్తింపజేసినప్పుడే గొడవలు వచ్చాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు ఉత్తర్వు బడులను ఆరు రకాలుగా మార్చింది. కిలోమీటరు లోపున్న హైస్కూలుకు 3, 4, 5 తరగతులను తరలించారు. పాత బడిలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. అక్క హైస్కూలుకు, తమ్ముడు పాత బడికి. ఉదయం ఇద్దరినీ దింపాల్సిన తల్లి కూలిపనికి ఆలస్యమయ్యేది. చాలా ఊళ్లలో దానికి దొరికిన పరిష్కారం ఇద్దరినీ ప్రైవేటు బడి బస్సెక్కించడం. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేసి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ బడులతో సహా తొమ్మిది రకాలను తెచ్చారు. మూడేళ్లలో రెండుసార్లు మారితే రికార్డులు, సామాను, పిల్లల పేర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరుగుతాయి. మీ బడి ఇప్పుడు ఏ రకం కిందికి వస్తుందో మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. టీచర్ పోస్టుల లెక్క ఆ రకాన్ని బట్టే ఉంటుంది.

ఒకటో తరగతికి ఐదేళ్లా, ఆరేళ్లా?

విధానం ప్రకారం ఆరేళ్లు నిండాలి. 2023 ఫిబ్రవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు ఈ సంగతి మళ్లీ గుర్తు చేసింది. తెలుగు రాష్ట్రాల్లో ఐదేళ్లు నిండితే చేర్చుకోవడం చాలాకాలంగా ఉన్న అలవాటు.

ఊరి బడికి ఇందులో ఓ చిక్కుంది. ప్రభుత్వ బడి ఆరేళ్లు నిండాలని పట్టుబడితే, పక్క ఊరి ప్రైవేటు బడి మూడున్నరేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. అలా చేరిన పిల్లవాడు ఆరేళ్లొచ్చాక తిరిగి రాడు. కాబట్టి బడి ఆవరణలోనో పక్కనో పూర్వ ప్రాథమిక తరగతి లేకుండా వయసు ఒక్కటే పెంచితే ఒకటో తరగతి ఖాళీ అవుతుంది. వయసు నిబంధన మారే ఏడాది ఒకటో తరగతి సంఖ్య పడిపోతుంది, ఆ తగ్గుదల ఐదేళ్లపాటు తరగతి తర్వాత తరగతిలో కనిపిస్తుంది. పోస్టుల హేతుబద్ధీకరణ (పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దడం) సమయంలో దీన్ని కమిటీ తీర్మానంలో రాయించి పెట్టుకోవాలి. లేదంటే ‘పిల్లలు తగ్గారు’ అన్న ఒక్క ముక్కే రికార్డుకెక్కుతుంది.

అంగన్‌వాడీ టీచరే పూర్వ ప్రాథమిక విద్య చెప్పాలంటే సాధ్యమేనా?

ఇంటర్ చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇప్పించాలని విధానంలో ఉంది. పని మాత్రం అలాగే ఉంది: బరువులు తూచడం, పోషకాహారం పంచడం, గర్భిణుల వివరాలు నమోదు చేయడం, ఫోన్‌లో యాప్ నింపడం. వీటి మధ్య రోజుకు రెండు గంటలు ఆటపాటలకు మిగిలితే గొప్పే. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమ శాఖది, బడి విద్యాశాఖది కావడం మరో చిక్కు. ఒకే ఆవరణలో ఉన్నా ఒకరి రికార్డు మరొకరికి తెలియదు.

శాఖలు కలిసేదాకా ఆగనక్కర్లేదు. ఏటా ఏప్రిల్‌లో ప్రధానోపాధ్యాయులు అంగన్‌వాడీకి వెళ్లి జూన్‌కి బడికి రావాల్సిన పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు రాసుకురావాలి. ఒకటో తరగతి మొదటి మూడు నెలలు విద్యా ప్రవేశ్ ఆటలకు కేటాయించాలి. అది 12 వారాల కార్యక్రమం, రోజుకు 4 గంటలు. ఆ వారాల్లో పలకా బలపం పట్టించి అ ఆలు దిద్దించాలన్న తొందర తల్లిదండ్రుల్లో కనిపిస్తుంది. కథ చెప్పించడం, గింజలు లెక్కపెట్టించడం కూడా చదువేనని జూన్‌లో జరిగే మొదటి సమావేశంలోనే చెప్పకపోతే ‘ఆ బడిలో ఆడుకోవడమే’ అన్న పేరు వచ్చేస్తుంది.

పిల్లలు తక్కువున్నారని మా బడి మూసేస్తారా? విధానంలో అలా ఉందా?

మూసేయమని లేదు. బడుల విలీనం బాగా ఆలోచించి చేయాలని, పిల్లలకు బడి అందుబాటు దెబ్బతినదని తేలాకే చేయాలని ఉంది. అదే పత్రం చిన్న బడుల వల్ల ఖర్చు పెరుగుతుందనీ, టీచర్లను సర్దడం కష్టమనీ కూడా వివరంగా చెబుతుంది. అధికారులు రెండో భాగం ఎక్కువగా చదువుతారు, ఊరివాళ్లు మొదటి భాగం చదవాలి.

చిన్న బడుల సంఖ్య నిజంగానే పెద్దది. 2016-17 లెక్కల ప్రకారం ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దాదాపు 28 శాతం చోట్ల 30 మంది పిల్లలు కూడా లేరని విధానమే చెప్పింది. అప్పుడు ఏకోపాధ్యాయ బడులు 1,08,017. ఎనిమిదేళ్ల తర్వాత, బడుల సమాచారాన్ని ఏటా సేకరించే యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో ఆ సంఖ్య 1,04,125. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 12,912, దేశంలోనే ఎక్కువ. ఒక్క విద్యార్థీ లేని బడులు తెలంగాణలో 2,081. గురుకులాలు, ప్రైవేటు బస్సులు, పల్లె నుంచి పట్నానికి వలసలు కలిసి చేసిన పని ఇది. అయినా విలీన ఫైల్లో ‘నమోదు తక్కువ’ అన్న కారణం ఒక్కటే కనిపిస్తుంది.

విలీనం ప్రతిపాదన వచ్చింది. ఏం చేయాలి?

ముందు దూరం కొలవండి. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు నడకదారిలో కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వారికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నది విద్యాహక్కు నిబంధన. మ్యాప్‌లో గీత గీసి ‘900 మీటర్లే’ అంటే ఒప్పుకోవద్దు. నడిచే దారి కొలవండి. ఆవాసం చివరి ఇంటి నుంచి మొదలుపెట్టండి. దారిలో వాగు, జాతీయ రహదారి, రైలు పట్టాలు, కాలువ కట్ట ఉంటే ఫోటో తీసి తేదీ వేయండి. వాగు ఏ నెలల్లో పొంగుతుందో రాయండి. జులైలో పొంగే వాగును మార్చిలో వచ్చి చూసిన అధికారికి అది ఇసుక దారిలాగే కనిపిస్తుంది.

తర్వాత పిల్లల జాబితా. బడిలో ఉన్నవారి పేర్లతోపాటు ఊళ్లో ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలందరి పేర్లు, ఎవరెక్కడ చదువుతున్నారు, ఎవరు బడి మానేశారు అన్నది ఉండాలి. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లల సంఖ్య వేరే రాయండి, రాబోయే మూడేళ్ల నమోదు అదే.

ఈ రెండూ జతచేసి బడి యాజమాన్య కమిటీ తీర్మానం చేయాలి. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. ఆ లెక్క సరిపోని కమిటీ చేసిన తీర్మానాన్ని సులభంగా పక్కన పెట్టేస్తారు. మినిట్స్ పుస్తకంలో సంతకాలు, తేదీ, హాజరు ఉండాలి. ఒక ప్రతి ఎంఈఓకి, ఒకటి జిల్లా విద్యాధికారి(డీఈఓ)కి ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

విలీనం తప్పదనిపిస్తే రవాణా అడగండి. కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే బడి విద్య పథకం సమగ్ర శిక్షలో పిల్లవాడికి ఏడాదికి 6,000 రూపాయల వరకు రవాణా భత్యానికి వీలుంది. విలీన ఉత్తర్వు రాకముందే దీన్ని తీర్మానంలో పెట్టాలి, తర్వాత అడిగితే ‘వచ్చే ఏడాది ప్రణాళికలో’ అంటారు. సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళిక ముందే తయారవుతుంది కాబట్టి ఆ మాట అబద్ధం కూడా కాదు.

మా బడికి ఎంతమంది టీచర్లు రావాలి?

విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక స్థాయిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు. 150 దాటితే అదనంగా ప్రధానోపాధ్యాయుడు. ఆరు నుంచి ఎనిమిది వరకు తరగతికి కనీసం ఒకరు, 35 మంది పిల్లలకు ఒకరు. గణితం-సైన్సు, సాంఘికం, భాషలు, ఈ మూడింటికీ మనుషులుండాలి.

‘60 వరకు ఇద్దరు’ అంటే 12 మంది ఉన్నా ఇద్దరే. ఏకోపాధ్యాయ బడికి చట్టంలో చోటే లేదు. సంఖ్య పడిపోతే రాష్ట్రాల హేతుబద్ధీకరణ ఉత్తర్వులు ఒక్కరినే మిగులుస్తాయి, అడిగేవాళ్లు లేక అది అలా నడిచిపోతుంది. విధానం సగటున 30 మందికి ఒకరు, వెనకబడిన ప్రాంతాల్లో 25 మందికి ఒకరు అంటుంది. చిన్న బడికి ఈ నిష్పత్తి ఉపయోగపడదు. 20 మంది పిల్లలకు ఒక టీచరుంటే నిష్పత్తి అద్భుతంగా కనిపిస్తుంది, కానీ ఆ 20 మందీ ఐదు తరగతుల వాళ్లు. జిల్లా సగటు చూపించి ‘టీచర్ల కొరత లేదు’ అని చెప్పే నివేదికలన్నిటిలోనూ తప్పు ఇక్కడే ఉంది.

యూడైస్‌లో ప్రతి ఏటా సెప్టెంబరు 30ని ప్రామాణిక తేదీగా తీసుకుంటారు. అక్టోబరులో చేరిన పిల్లవాడు ఆ ఏడాది లెక్కలోకి రాడు. వలస వెళ్లే కుటుంబాల పిల్లల పేర్లు సెప్టెంబరుకు ముందే సరిచూడండి.

ఒక్క టీచరు ఐదు తరగతులకు ఎలా చెప్పాలి?

తరగతి తర్వాత తరగతి తీసుకుంటూ పోతే కుదరదు. రోజుకు నాలుగు గంటల బోధనను ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 48 నిమిషాలు వస్తాయి. అందులో తెలుగు, లెక్కలు, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం అన్నీ పట్టాలి. మిగతా మూడు గంటల పైచిలుకు పిల్లలు ‘ఎక్కాలు రాయండి’ అన్న పనిలోనే ఉంటారు.

పనిచేసే పద్ధతి గుంపులు చేయడం. భాషకు రెండు గుంపులు: 1, 2 తరగతులు ఒకటి, 3 నుంచి 5 మరొకటి. ఉదయం 90 నిమిషాలు భాషకే. మొదటి 45 నిమిషాలు టీచరు చిన్నవాళ్లతో నేల మీద కూర్చుని కథ, మాటలు, అక్షరాలు. ఆ సమయంలో పెద్దవాళ్లకు కార్డుల పని. తర్వాత 45 నిమిషాలు పెద్దవాళ్లతో చదివించడం, రాయించడం. చిన్నవాళ్లు బొమ్మలు గీయడం, గింజలతో అక్షరాలు పేర్చడం చేస్తారు.

లెక్కలకు తరగతులు పక్కనపెట్టి స్థాయి చూడాలి. అంకెలు గుర్తుపట్టేవాళ్లు, స్థాన విలువతో కూడికలు తీసివేతలు చేసేవాళ్లు, గుణకారం భాగహారం దాకా వచ్చినవాళ్లు, ఇలా మూడు గుంపులు. నాలుగో తరగతి పిల్లవాడు మొదటి గుంపులో కూర్చోవాల్సి వస్తే సిగ్గుపడకుండా గుంపులకు చెట్ల పేర్లో పిట్టల పేర్లో పెట్టండి, ‘తెలివైనవాళ్లు, మొద్దులు’ అన్న మాట రానీయకండి. నెలకోసారి పరీక్షించి గుంపులు మార్చాలి. జూన్‌లో వేసిన గుంపు మార్చిదాకా అలాగే ఉంటే అది బోధన పద్ధతి కాదు, ముద్ర.

కార్డులు ఎన్ని కావాలి? స్థాయికి 20 చొప్పున, మూడు స్థాయిలు, రెండు సబ్జెక్టులు కలిపి 120. పాత క్యాలెండర్ల వెనక రాసి, వెడల్పాటి సెల్లో టేపు అతికిస్తే రెండేళ్లు వస్తాయి. వేసవిలో కూర్చుంటే వారం పని. ప్రతి కార్డు వెనక జవాబు ఉండాలి, పిల్లలు తామే సరిచూసుకోవాలి. జవాబు లేని కార్డులు టీచరు బల్ల మీద కుప్పపడతాయి. రెండు రోజులు దిద్దకపోతే మూడో రోజు ఎవరూ రాయరు.

పరిసరాల విజ్ఞానంలో నీరు, తిండి, ఇల్లు, ప్రయాణం వంటి విషయాలు మూడు తరగతుల పుస్తకాల్లోనూ ఏదో రూపంలో వస్తాయి. ఒకే వారంలో మూడు తరగతులకూ ఒకే విషయం పెట్టుకుని మాట కలిపి చెప్పి, రాతపని వేరు చేయండి. అందుకు మే నెలలోనే మూడు పుస్తకాలూ ముందేసుకుని పాఠాల క్రమం మార్చి రాసుకోవాలి. మూల్యాంకనం కాలపట్టికతో అక్కడక్కడ ఢీకొంటుంది. ఫార్మేటివ్ పరీక్షకు ముందు వారం ఆ తరగతి పాఠానికి తిరిగి రావడం తప్పదు.

ఐదో తరగతి పిల్లలను రోజంతా చిన్నవాళ్ల మీద కూర్చోబెట్టడం మానేయాలి. రోజుకు 20 నిమిషాలు చదివి వినిపించడం ఇద్దరికీ మంచిదే, అంతకు మించితే వాళ్ల చదువు పోతుంది. ఉన్న ఒక్క టీచరూ సెలవు పెడితే బడికి తాళం పడుతుంది. పక్క బడి నుంచి ఎవరు రావాలో స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల జట్టు) ప్రధానోపాధ్యాయుడితో ఏడాది మొదట్లోనే పేరుతో సహా రాయించుకోండి.

మూడో తరగతికల్లా చదవడం రావాలంటారు. ఎంత వస్తే వచ్చినట్టు?

2021 జులై 5న మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం 2026-27 నాటికి ప్రతి బిడ్డా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం. రెండో తరగతిలో నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతిలో కనీసం 60 పదాలు తప్పుల్లేకుండా చదవాలి. లెక్కల్లో ఒకటో తరగతికి 99, రెండుకి 999, మూడుకి 9,999 వరకు సంఖ్యలు రావాలి.

పదాల లెక్కతో తెలుగుకు జాగ్రత్త అవసరం. హిందీలో మూడు ముక్కలుగా ఉండేది తెలుగులో ‘వెళ్లిపోతున్నాడు’ అని ఒకే పదం. పదాలు పొడుగు, వాటిలో ఒత్తులు. అందుకే 2022లో జరిగిన పునాది అభ్యసన సర్వేలో భాషను బట్టి వేర్వేరు ప్రమాణాలు తీసుకున్నారు. మీ పిల్లవాడు 60 దాకా రాకపోయినా తడబడకుండా చదివి, చదివింది తన మాటల్లో చెబితే బెంగ పడొద్దు. గడగడా చదివి ఏమీ చెప్పలేకపోతే అప్పుడు పడాలి.

పల్లె పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలో, 2024లో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో అది 16.3. పెరిగింది, కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు.

మాతృభాషలో చెప్పాలంటుంది విధానం, మా బడి ఇంగ్లిష్ మీడియం. ఏది పాటించాలి?

రాష్ట్ర ఉత్తర్వు. విధానం వీలైనచోట ఐదో తరగతి వరకు, కుదిరితే ఎనిమిది వరకు ఇంటిభాషలో చెప్పాలంటుంది. తెలంగాణ 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. తల్లిదండ్రులు కోరుతున్నదీ అదే. పాఠ్యపుస్తకాలు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌తో వస్తున్నాయి. పునాది దశలో టీచరుకు దొరికిన ఆసరా అది. భావం తెలుగులో చెప్పి, అదే పేజీ ఇంగ్లిష్‌లో చదివించి, పదాలు కంఠతా పట్టించకుండా వాడించాలి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారికి ఇంగ్లిష్ పేజీ మాత్రమే చూపించే బడుల్లో పిల్లలకు రెండు భాషలూ రావు.

గూడెం పిల్లలకు తెలుగు కూడా కొత్తే. వాళ్ల సంగతి?

అసలు మాతృభాష ప్రశ్న ఇక్కడిదే. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా ఇంట్లో మాట్లాడే పిల్లలకు ఒకటో తరగతి తెలుగు పుస్తకం పరాయి భాషే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలోనే ఈ ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో, బహుభాషా విద్య వాచకాలు తయారయ్యాయి. పుస్తకాలున్నచోట ఆ భాష తెలిసిన టీచరు ఉండకపోవడం అసలు లోటు.

ఆ లోటుకు ఒక చట్టపరమైన నేపథ్యం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. మైదానం నుంచి వచ్చిన టీచరుకు కోయ రాదు, నేర్చుకునేలోపు బదిలీ. అంగన్‌వాడీ కార్యకర్తో ఊళ్లో ఇంటర్ చదివిన అమ్మాయో మొదటి ఏడాది రోజుకు గంట బడిలో కూర్చుంటే పిల్లలు నోరు విప్పుతారు. కొత్త టీచరు మొదటి నెలలో ఓ 100 మాటలు రాసుకోవాలి: దాహం, కడుపునొప్పి, మూత్రం, ఇల్లు, భయం లాంటివి. పాఠానికంటే ముందు అవసరమయ్యేవి అవి.

స్కూల్ కాంప్లెక్స్ వల్ల చిన్న బడికి ఏం లాభం?

ఐదు నుంచి పది కిలోమీటర్ల పరిధిలో ఒక హైస్కూలు, చుట్టూ ఉన్న ప్రాథమిక బడులు, అంగన్‌వాడీలు ఒక జట్టు. 1964-66 కొఠారి కమిషన్ నాటి ఆలోచన ఇది. మనవైపు కాంప్లెక్స్ సమావేశాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఎక్కువగా కాగితాలు పంచుకోవడానికే. డ్రిల్ మాస్టారు, డ్రాయింగ్ టీచరు, సైన్సు పరికరాలు తిరగాలని విధానం కోరుతుంది. హైస్కూలు నుంచి ఎనిమిది కిలోమీటర్ల తండాకు వెళ్లే టీచరుకు ప్రయాణ ఖర్చు ఎవరిస్తారన్నది తేలనిచోట మనుషులు తిరగరు, వస్తువులే తిరుగుతాయి. అందుకే వస్తువులతో మొదలుపెట్టడం మేలు: 50 లైబ్రరీ పుస్తకాల పెట్టె నెలకో బడికి, రిజిస్టరులో సంతకంతో.

బడికి వచ్చే గ్రాంటు ఎంత? ఎందుకు సరిపోదు?

సమగ్ర శిక్ష ఉమ్మడి గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి: 30 లోపుంటే ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు. లైబ్రరీకి ప్రాథమిక బడికి 5,000 వరకు, ఆటలకు మరో 5,000.

30 మంది ఉన్న బడికి నెలకు 833 రూపాయలు. కరెంటు, సుద్దముక్కలు, ఫినాయిల్, కుళాయి మరమ్మతు అన్నీ అందులోనే. 31వ పిల్లవాడు చేరితే గ్రాంటు రెండున్నర రెట్లు. సెప్టెంబరు 30కి ఇంటింటికీ తిరిగి నమోదు పెంచడానికి ఇదొక కారణం, దొంగ పేర్లు ఎక్కించడానికి మాత్రం కాదు. ఆధార్‌తో సరిచూస్తున్నారు, దొరికిపోతారు.

డబ్బు ఖాతాలో నిలవ ఉండే రోజులు పోయాయి. ఇప్పుడు వచ్చేది ఖర్చు పరిమితి. మార్చి 31లోపు వాడకపోతే వెనక్కి పోతుంది. జనవరిలో విడుదలైతే రెండు నెలలే గడువు, కాబట్టి ఏం కొనాలో తీర్మానం, కొటేషన్లు డిసెంబరుకే సిద్ధంగా ఉంచుకోండి. తెలంగాణలో 2024 నుంచి మరమ్మతు పనుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పాత్ర ఉంది, ఏ పని ఎవరి ఖాతాలోదో ముందే తేల్చుకోవాలి.

మధ్యాహ్న భోజనం చిన్న బడిలో ఎందుకు కష్టమవుతుంది?

ఖర్చు తలకు లెక్క, పొయ్యి మాత్రం ఒక్కటే. 2025 మే నుంచి కేంద్ర ప్రమాణం ప్రకారం ప్రాథమిక స్థాయిలో పిల్లవాడికి వంట ఖర్చు 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిదికి 10.17. బియ్యం వేరే వస్తాయి. 12 మందికి రోజుకు 81 రూపాయలు. పప్పు, కూర, నూనె, గ్యాసు అందులో రావు. 120 మంది ఉన్న బడికి అదే లెక్క బాగానే సరిపోతుంది. బిల్లు రెండు నెలలు ఆగితే వంటామె అప్పు తెస్తుంది. పొద్దున అల్పాహారం కూడా పెట్టాలని విధానం సూచించింది, దానికి జాతీయ స్థాయిలో విడిగా నిధులు లేవు.

స్మార్ట్ టీవీ వచ్చింది, పనిచేయడం లేదు.

ఎక్కువగా చెడేది తెర కాదు, దాని వెనకున్న కరెంటు. పాత బడుల్లో ఎర్తింగ్ ఉండదు, ఉరుముల్లో బోర్డు కాలిపోతుంది. పెట్టించేముందు ఎర్తింగ్ గుంత, స్టెబిలైజర్, విడి స్విచ్చు చూసుకోండి. సెలవుల్లో ప్లగ్గు తీసేయండి. నెట్ లేకపోతే దీక్ష యాప్‌లో పాఠాలను సిగ్నల్ ఉన్నచోట దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. పంచాయతీ కార్యాలయం దాకా ఫైబర్ వచ్చి బడి దాకా రాని ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ కొద్ది దూరం తీగకు పంచాయతీ తీర్మానం అడగండి. వారంటీ కార్డు, సీరియల్ నంబరు స్టాక్ రిజిస్టరులో లేకపోతే ఫిర్యాదు నమోదే కాదు.

బ్యాగు లేని పది రోజులు ఎలా చేయాలి?

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు. ఊరి బడికి ఇది పట్నం బడికంటే సులువు: పాల కేంద్రంలో వెన్న శాతం కొలవడం, నర్సరీలో అంటుకట్టడం, కుమ్మరి సారె, తపాలా కార్యాలయం, ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షెడ్డు. పదిరోజులూ ఒకేసారి వద్దు, రెండేసి రోజులు పంచండి. పనిముట్ల దగ్గర పదిమందికి మించకండి. ఆడపిల్లలను కుట్టుమిషన్ దగ్గరకు, మగపిల్లలను వెల్డింగ్ షెడ్డుకు పంపే అలవాటు మానండి.

బోధనేతర పనులకు టీచరు కాదనవచ్చా?

చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం పదేళ్ల జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మిగతా పనులకు టీచర్లను వాడకూడదు. యాప్‌లను మాత్రం ఈ నిషేధం కిందికి తేరు, వాటిని విద్యాశాఖ పనే అంటారు. రోజుకు గంట చొప్పున యాప్‌లకు పోతే 200 పనిదినాలకు 200 గంటలు, ప్రాథమిక స్థాయికి చట్టం చెప్పిన 800 బోధన గంటల్లో నాలుగోవంతు. ఏకోపాధ్యాయ బడిలో ఆ గంట బడంతా ఆగుతుంది. ఫోటోలు, హాజరు అన్నీ ఉదయం ఒకేసారి ఎక్కించి, ఫోన్ బీరువాలో పెట్టడం చాలామంది కనుక్కున్న ఉపాయం.

అపార్ ఐడీ తప్పనిసరా? పేరు కలవడం లేదు.

అపార్ అంటే విద్యార్థి చదువు రికార్డుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య. తల్లిదండ్రుల సమ్మతి పత్రం మీద సంతకం ఉంటేనే చేస్తారు. చిక్కంతా పేర్లలో ఉంటుంది: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, అడ్మిషన్ రిజిస్టరులో పొడి అక్షరం. పుట్టిన తేదీ ఒకచోట జనవరి 1. ముందు జనన ధ్రువపత్రం చూసి ఏది సరైనదో తేల్చుకోండి, తర్వాత తప్పున్నదాన్ని మార్చండి. రిజిస్టరులో కొట్టివేతలు చేయకండి, పదో తరగతి ధ్రువపత్రం దాకా ఆ చిక్కు వెంటాడుతుంది. ఐదేళ్లకు, 15 ఏళ్లకు చేయించాల్సిన వేలిముద్రల నవీకరణ మరిచిపోతే ఆధార్ సరిపోలదు.

పదో తరగతి తర్వాత మా ఆడపిల్లలు ఆగిపోతున్నారు. విధానం ఏమంటుంది?

2030 నాటికి సెకండరీ దాకా అందరూ చదవాలని, 9 నుంచి 12 ఒకే దశగా ఉండాలని. ఊళ్లలో హైస్కూలు పదితో ఆగుతుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో. సాయంత్రం ఐదు తర్వాత బస్సు లేకపోవడమే చాలామంది చదువు ముగించేస్తుంది. ఆంధ్రప్రదేశ్ కొన్ని హైస్కూళ్లను హైస్కూల్ ప్లస్‌గా మార్చి ఇంటర్ పెట్టింది, కస్తూర్బా విద్యాలయాల్లో చాలా చోట్ల ఇంటర్ ఉంది. ఊళ్లో పదో తరగతి పూర్తి చేస్తున్న అమ్మాయిల జాబితాతో మార్చిలోనే ఆర్టీసీ డిపో మేనేజరుకు బస్సు వేళ మార్చమని అర్జీ పెట్టండి. జూన్‌లో పెడితే అప్పటికే షెడ్యూలు ఖరారై ఉంటుంది, అమ్మాయి పెళ్లి సంబంధం కూడా.